ఏం చూసినవో గది రాయి

ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లూ ఉద్యోగాలు ఇచ్చేవాళ్లూ ఒకచోట చేరి తమ గురించి తామే గొప్పగా చెప్పుకునే సైటు ఒకటుంది. అందులో నేను పెట్టిన మొదటి పోస్టును ముగ్గురు మెచ్చుకున్నారు. ఒకరు మా ఆయన, ఇంకొకరు మా ఆడబిడ్డ. మూడో మనిషి సూరత్‌లో చీరల వ్యాపారి. నా పోస్టులో ఆయనకు ఏం నచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

అప్పటికి నా ఉద్యోగం పోయి నెల దాటింది. జహీరాబాద్‌లో ట్రాక్టర్లకు ఇనుప రేకు భాగాలు చేసి ఇచ్చే చిన్న యూనిట్‌లో పదకొండేళ్లు ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశాను. ఆ మాట వినగానే కొత్త చుట్టాలు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు. నేను పోలీసును కాననీ, రేకును నొక్కి కోసే ప్రెస్సు మిషన్ మీద తయారైన ముక్కల కొలతలు చూసే ఇన్‌స్పెక్టర్‌ననీ తెలిశాక మళ్లీ వెనక్కి వాలేవాళ్లు. వాలితే వాలనీ. నా సంతకం లేకుండా ఒక్క ముక్క కూడా గేటు దాటేది కాదు. ఆ గర్వం నాకు అప్పుడుండేది, ఇప్పుడూ ఉంది.

ఎండాకాలంలో మా ఓనరు యూనిట్ మూసేసి మిషన్లను పుణె వైపు తరలించాడు. మా ప్రెస్సును లారీ మీదికి ఎక్కిస్తుంటే గేటు బయట నిలబడి చూశాను. ఆ లారీ ముంబై హైవే ఎక్కి, చిరాగ్‌పల్లిలో మా హోటల్ ముందు నుంచే పోయింది. హోటల్ అంటే పెద్దదేం కాదు. లారీ డ్రైవర్లు ఆగి చాయ్ తాగి మిరపకాయ బజ్జీలు తినే రేకుల షెడ్డు. మా అత్తమ్మ పొయ్యి దగ్గర, మా ఆయన బల్లల దగ్గర ఉంటారు. గల్లా దగ్గర కూర్చునే మనిషి కోసం అత్తమ్మ ఎన్నో ఏళ్లుగా నా మీద కన్నేసి ఉంచింది.

"ఇగ చాలు తియ్యి. ఇనుప ముక్కలు చూసుడు అయిపాయె. గల్ల మీద కూసో," అంది ఆ సాయంత్రమే.

"నా పని నేను ఎతుక్కుంట అత్తమ్మా."

"దసరా దాంక ఎతుక్కో. దొరికితే దొరికినట్టు, లేకుంటే హోటలే. మల్ల మాట మార్చొద్దు."

మార్చనన్నాను. హోటల్ పని తక్కువదని కాదు. పదకొండేళ్లు కష్టపడి నేర్చుకున్న పని నా చేతుల్లోనే చచ్చిపోతుందంటే నాకు మనసొప్పలేదు. వెర్నియర్‌తో కొలత తీయడం, గేజ్ పెట్టి రంధ్రం చూడటం, వేలితో తడిమి అంచు తెలుసుకోవడం, ఇవి తప్ప నావి అనుకున్నవి ఇంకేం ఉన్నాయి? అందుకే దసరాలోపు మళ్లీ ఇన్‌స్పెక్టర్‌గానే చేరాలని గట్టిగా అనుకున్నాను.

కాగితాలు పట్టుకుని చుట్టుపక్కల యూనిట్లన్నీ తిరిగాను. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు కాగితం తీసుకోకుండానే "ఆన్‌లైన్ల పెట్టు అక్కా" అనేవాళ్లు. సరే, ఆన్‌లైన్లోనే పెడదామని మా ఆడబిడ్డను పట్టుకున్నాను. తను జహీరాబాద్‌లోనే ఎంబీఏ చివరి సంవత్సరం చదువుతోంది. నాకు ఖాతా తెరిచింది, ఫొటో తీసింది, ఫొటోలో నా నుదుటి మీది చెమటను ఎలాగో మాయం చేసింది. నేను తెలుగులో చెబితే తను ఇంగ్లిషులో రాసేది.

"మొదటి లైన్ల గుంజాలె వదినా. చూసినోడు ఆగాలె," అనేది. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ వదలాలట. చివర్లో ఒక ప్రశ్న అడగాలట, అడిగితే జనం జవాబిస్తారట. చేసిన ఉద్యోగాన్ని 'ప్రయాణం' అనాలట. నేను పదకొండేళ్లలో చేసిన ప్రయాణమంతా చిరాగ్‌పల్లి నుంచి యూనిట్ దాకా, మళ్లీ వెనక్కి. ఆ మాటే అంటే తను నెత్తి కొట్టుకుంది.

నా వంతు తప్పులు నేనూ చేశాను. మన ఇంట్లో ఫంక్షన్‌కు వచ్చినవాళ్ల ఇంటికి మనమూ పోవాలి కదా. సైటు కూడా అంతే అనుకున్నాను. నన్ను మెచ్చుకున్న ప్రతి మనిషి పేజీకీ పోయి అభినందనలు చెప్పొచ్చేదాన్ని. అట్లా ఒకాయనకు చెప్పిన తర్వాత మా ఆడబిడ్డ పరుగెత్తుకుంటూ వచ్చింది. పాపం ఆయన ఆ రోజే తన ఉద్యోగం పోయిందని రాసుకున్నాడు. నాలుక కరుచుకుని నా మాట తీసేసి, నాదీ అదే కథ అని ఆయనకు విడిగా రాశాను.

నాలుగు పోస్టులు పెట్టాం. క్రమశిక్షణ మీద ఒకటి, నాణ్యత మీద ఒకటి, ఇంకో రెండింటిలో ఏముందో నాకే గుర్తులేదు. చీరల వ్యాపారి కూడా రావడం మానేశాడు.

"ఇట్ల కాదు వదినా, కథ కావాలె. ఆపద వచ్చింది, నువ్వు ఎదురు నిలవడ్డవు, గెలిచినవు. గసుంటిది ఒక్కటన్న జరగలేదా నీకు?"

జరిగింది. ఐదేళ్ల కింద జరిగింది. చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం సర్దాను. ఎంత సర్దానో ముందుముందు మీకే తెలుస్తుంది.

పోస్టులో ఉన్నది ఇది. ఒక సాయంత్రం బ్రాకెట్ల లోడు లారీలో వెళ్లిపోయింది. మిగిలిన ఒక ముక్కను చేతిలోకి తీసుకుని రంధ్రం చుట్టూ వేలు తిప్పి చూస్తే తేడా తెలిసింది. రంధ్రం వెంట్రుకంత పక్కకు జరిగింది. నేను వెంటనే స్కూటీ ఎక్కి లారీ వెనకాల పోయి, ట్రాక్టర్ల కంపెనీ గేటు దగ్గర దాన్ని ఆపి వెనక్కి తెచ్చాను. మర్నాడంతా నిలబడి ఒక్కొక్క ముక్కనూ చూసి చెడ్డవి వేరుచేశాను. చివరి లైను మా ఆడబిడ్డది: మీరైతే లారీ వెనకాల పోయేవారా?

పోతామని వందల మంది రాశారు. ఎక్కడెక్కడివాళ్లో చప్పట్లు కొట్టారు. ఫోన్ పక్కన పెట్టాలనిపించలేదు. బజ్జీలు కట్టే కాగితం చేతిలో పట్టుకుని కూడా చూసుకున్నాను. రెండో రోజు జహీరాబాద్‌లోనే ఇంకో యూనిట్ మేనేజర్ నుంచి కబురొచ్చింది. ఇన్‌స్పెక్టర్ పోస్టు ఖాళీగా ఉంది, గురువారం రమ్మన్నాడు. అత్తమ్మ ముందు ఫోన్ పెట్టి చూపించాను. ఆమెకు చదవడం రాదు గాని, నా ముఖం చూసి విషయం పట్టేసింది.

మంగళవారం ఉస్తాద్ ఫోన్ చేశాడు.

ఉస్తాద్ అంటే మా ఫోర్‌మన్. యూనిట్‌లో అందరూ అట్లాగే పిలిచేవాళ్లు. రిటైరై న్యాల్‌కల్ దగ్గర తన ఊళ్లో అల్లం పెట్టుకున్నాడు. నాకు పని నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో షిఫ్టు రిజిస్టర్లో నేను ప్రతి లైనులో 'ఓకే' అని రాస్తే పేజీ మొత్తం కొట్టేశాడు. "ఓకే అంటే ఏంది? నువ్వు చూసినవా, నిద్రవోయినవా, నాకెట్ల ఎర్క? ఏం చూసినవో గది రాయి," అన్నాడు. తర్వాత వచ్చే షిఫ్టువాళ్లకు మన మెప్పుతో పనిలేదు, మనం చూసిందే కావాలి. ఆ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

"మంచిగున్నవా బిడ్డా? నువ్వు రాసింది మన యూనిటోళ్ల వాట్సాప్ గ్రూపుల ఎవరో పెట్టిన్రు. నా మనుమరాలు చదివి తెలుగుల చెప్పింది."

అత్తమ్మకు వినపడకుండా ఫోన్ పట్టుకుని షెడ్డు బయటికి నడిచాను.

"మంచిగనే రాసినవ్," అన్నాడు. "గాని స్కూటీ నడుపుడు ఎప్పుడు నేర్సుకున్నవ్?"

నాకు ఇవాళ్టికీ స్కూటీ నడపడం రాదు. అది తెలిసి కూడా మా ఆడబిడ్డ కథ బాగుందని రాసేసింది.

ఆయన కోప్పడలేదు. ఈసారి అల్లం బాగా ఎదిగిందనీ, వానలు జర ఎక్కువైతే కుళ్లుతుందేమోనని ఫికర్‌గా ఉందనీ చెప్పాడు. అత్తమ్మను అడిగినట్టు చెప్పమన్నాడు. "ఏం చూసినవో గది రాయి అని చెప్తుంటి కద బిడ్డా," అని మాత్రం ఒక్కసారి అని ఫోన్ పెట్టేశాడు.

అసలు జరిగింది చెబుతాను. మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి షిఫ్టులో ప్రెస్సు మీద నుంచి వచ్చిన మొదటి ముక్కను ఇన్‌స్పెక్టర్ కొలిచి, ఒక అట్టముక్క ట్యాగ్ మీద తేదీ వేసి, సంతకం పెట్టి, ఆ ముక్కకు కట్టి మిషన్ పక్కన మేకుకు వేలాడదీయాలి. ఆ రోజు పనంతా దాన్ని నమ్ముకునే నడుస్తుంది. ఆ ఉదయం మా వ్యాను చెడిపోయి నేను ఆలస్యంగా వచ్చాను. ప్రెస్సు అప్పటికే నడుస్తోంది. మేకుకు నిన్నటి ముక్క వేలాడుతూనే ఉంది. నిన్న బాగుంది, ఇవాళ మాత్రం ఏమవుతుందని, దాని ట్యాగ్ మీద తేదీనే దిద్దాను. ఐదును ఆరు చేశాను, అంతే. కొత్త ముక్కను చేత్తో కూడా ముట్టుకోలేదు. కాని నిన్న సాయంత్రం షిఫ్టులో డైని, అంటే రేకును కోసి రంధ్రం వేసే అచ్చును, విప్పి, సానబట్టి, మళ్లీ ఎక్కించారు. రంధ్రం పక్కకు జరిగింది అక్కడే. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వేలు తిప్పి తేడా పట్టుకుంది ఉస్తాద్. తన పాత స్కూటర్ మీద లారీ వెనకాల పోయింది ఉస్తాద్. మర్నాడు నాతో సమానంగా నిలబడి ముక్కలు ఏరిందీ ఆయనే. ఓనరు వచ్చి తప్పెవరిదని అరిస్తే, "డై ఎక్కించింది నేను. చూసుకోలేదు. తప్పు నాదే," అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. దొంగ తేదీ బయటపడితే నన్ను ఆ రోజే పంపేసేవాళ్లు, ఇంకెవరూ పనిలో పెట్టుకునేవాళ్లు కాదు. అందుకని నోరు మూసుకున్నాను. మేకు వైపు చూస్తే ట్యాగ్ లేదు. ఉస్తాద్ తీసి పారేశాడనుకుని బతికిపోయాననుకున్నాను. ఆయన్ని ఫోర్‌మన్ పని నుంచి తీసేసి స్టోర్‌లో కూర్చోబెట్టారు. ముప్పై ఏళ్లు డైలు ఎక్కించిన మనిషి రెండేళ్లు బోల్టుల డబ్బాలకు చీటీలు అంటించి రిటైరయ్యాడు. ఆ రోజు అందరితో పాటు నేనూ శాలువా కప్పాను. అప్పుడూ ఒక్క మాట అనలేదు. నా మీద నాకు అసహ్యం లేకపోలేదు, కాని అసహ్యాన్ని దాచుకోవడం కూడా అలవాటవుతుంది.

ఇప్పుడు ఆయన నా తప్పు తన మీద వేసుకున్నది చాలక, ఆయన చేసిన మంచిని కూడా నేనే రాసుకున్నాను.

పోస్టు తీసేస్తే సరిపోతుందని మా ఆడబిడ్డ అంది. "తీసెయ్యి వదినా, అయిపాయె. మల్ల అసలు సంగతి రాసుడు ఎందుకు? గురువారం ఇంటర్వ్యూ పెట్టుకొని ఎవరన్న తమ తప్పు తామే రాసుకుంటరా?"

మా ఆయన గ్లాసులు కడుగుతూ, "నీ ఇష్టం. గాని పని దొరక్కుంటే నన్ను తిట్టొద్దు," అన్నాడు.

తీసేసి ఊరుకుంటే మళ్లీ మేకు మీది ట్యాగ్ మాయం చేసినట్టే. అప్పుడు నా కోసం ఇంకొకరు మాయం చేశారు, ఈసారి నా చేత్తో నేనే మాయం చేసినట్టవుతుంది. చేయనని పట్టుబట్టాను. ఆ మధ్యాహ్నం గల్లా దగ్గర కూర్చుని, చిల్లర ఇస్తూ ఇస్తూ రాశాను. తెలుగులోనే రాశాను, ఎందుకంటే చదవాల్సిన మనిషికి ఇంగ్లిషు రాదు. గుంజే మొదటి లైను పెట్టలేదు. చివర ప్రశ్న అడగలేదు. లైన్ల మధ్య ఖాళీ వదల్లేదు.

"మొన్న పెట్టిన పోస్టు అబద్ధం. ఆ రోజు నేను కొత్త ముక్కను చూడలేదు. పాత ట్యాగ్ మీద తేదీ దిద్దాను. తేడా పట్టుకున్నది మా ఫోర్‌మన్. లారీ వెనకాల పోయింది ఆయన. తప్పు తన మీద వేసుకున్నదీ ఆయనే. నేను పక్కన నిలబడి విన్నాను. నాకు స్కూటీ రాదు."

రాసి, అక్షరం మార్చకుండా పెట్టేశాను. ఫోన్ బోర్లా పెట్టి, ఒక డ్రైవర్‌కు చిల్లర రెండుసార్లు ఇచ్చాను. అత్తమ్మ బజ్జీల జల్లెడ పట్టుకుని నా వైపు చూసి, "ఏందే, జరమొచ్చిందా?" అంది. ఏం లేదన్నాను.

ఈసారి మెచ్చుకున్నవాళ్లు పదిహేను మంది కూడా లేరు. వాట్సాప్ గ్రూపులో మాతో పనిచేసిన ఒకామె రాసింది: "ఇన్నేండ్లు ఉస్తాద్ మొఖం ఎట్ల చూసినవ్?" నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మామూలుగా అయితే నాలుగు అనేదాన్ని. ఆ రోజు అనలేదు. ఆమె అడిగింది సరైన మాటే. ఉస్తాద్ నుంచి మాత్రం ఫోన్ రాలేదు.

గురువారం వెళ్లాను. మేనేజర్‌ది కర్ణాటకలో బీదర్ వైపు. ముందున్న కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"నాకు తెలుగు మాట్లాడుడు వస్తది, చదువుడు రాదు. మీ రెండో పోస్టు గేటు కాడ సెక్యూరిటీ అన్నతోని చదివించుకున్న. రెండు సార్లు."

నేను తల వంచుకోలేదు. వంచుకోవాల్సిన రోజున వంచుకోలేదు, ఇప్పుడు వంచుకుని ఏం లాభం.

"ఇన్‌స్పెక్టర్ పోస్టు ఇయ్యలేను అమ్మా," అన్నాడు. "తేదీ దిద్దిన అని మీరే రాసిన్రు. రేపు ఆడిట్‌కు వచ్చినోళ్లు అడిగితే నేనేం చెప్పాలె? మీరు రాయకపోతే ఇచ్చేటోణ్ని, గది నిజం." కాసేపు పెన్ను తిప్పాడు. "ప్రెస్సు మీద ఆపరేటర్ ఖాళీ ఉన్నది. ఆర్నెల్లు చేయండి. సంతకం సంగతి అప్పుడు చూద్దాం."

పదకొండేళ్లు నేను పరీక్షించిన పనిని ఇప్పుడు నేను చేయాలి, నిన్నమొన్న చేరిన పిల్ల ఎవరో నా ముక్కకు సంతకం పెట్టాలి. లేచి వచ్చేద్దామనుకున్నాను. చిరాగ్‌పల్లిలో గల్లా దగ్గర కుర్చీ ఖాళీగానే ఉంది. కాని లోపల నుంచి ప్రెస్సు చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు విని ఎన్ని నెలలైందో.

"మొదటి ముక్క ఎవరి చేతుల నుంచి వస్తది సార్?" అని అడిగాను.

"ఆపరేటర్ చేతుల నుంచే."

"చేస్త," అన్నాను. "ఆర్నెల్లు కాంగనే మల్ల వచ్చి అడుగుత. మీరు మర్సిపోయినా నేను మర్సిపోను."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు, నిజంగానే అన్నాను.

ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇనిస్పెక్టర్ పోయి మిషన్ మీదికా? గంతకంటే నా గల్ల మంచిగలేదా?" మంచిదే అత్తమ్మా, కాని నాకు అదే కావాలన్నాను. దసరాకు ఇంకా పన్నెండు రోజులున్నాయని గుర్తుచేశాను. ఆమె మాట మార్చే మనిషి కాదు. గొణుక్కుంటూ శనగపిండి కలుపుకుంది.

సోమవారం చేరాలి. ఆదివారం పదిన్నరకు న్యాల్‌కల్ బస్సు దిగి ఉస్తాద్ హోటల్‌లోకి వచ్చాడు. చేతిసంచి నిండా పచ్చి అల్లం. చాయ్‌లోకి వేసుకొమ్మని అత్తమ్మకు ఇచ్చాడు. నేను గల్లా దగ్గర నుంచి లేచి నిలబడ్డాను. చాయ్ పోసి ఆయన ముందు పెట్టాను.

ఆయన చాయ్ పూర్తిగా తాగాడు. తర్వాత జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. లోపల అట్టముక్క. నూనె మరకలు. నా సంతకం. నల్ల సిరా ఐదు మీద నీలం సిరాతో దిద్దిన ఆరు.

"ఇది పారేసిన్రు అనుకున్న ఉస్తాద్."

"పారేస్తే నీకేం ఇయ్యాలె?"

"ఎందుకు దాసిన్రు మరి?"

"నువ్వు వచ్చి అడుగుతవని," అన్నాడు. "ఐదేండ్లాయె చూడవట్టి."

నాకు ఏడుపు ఆగలేదు. బజ్జీలు తింటున్న లారీ డ్రైవర్లు తల తిప్పి చూశారు, మా ఆయన గబగబా వాళ్ల ముందు గ్లాసులు పెట్టాడు. తప్పు నాదని, ఆ రోజే చెప్పాల్సిందని, వెక్కుతూనే చెప్పాను. ఉస్తాద్ అంతా విన్నాడు. లేదులే బిడ్డా అనలేదు, పోనీలే అనలేదు. చెప్పడం అయిపోయేదాకా ఆగాడు.

"ఏడ్సుడు తర్వాత. కొత్త ప్రెస్సు మీద డై ఎవలు ఎక్కిస్తరు?"

"ఎర్క లేదు."

"పోంగనే గది అడుగు. ఎక్కించినోడు చెప్పకుంటే రోజూ అడుగు."

సరేనన్నాను. గల్లాలో ఉన్న పెన్ను తీసుకున్నాను. ట్యాగ్‌ను కవరులోంచి తీసి, వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్నవైపు 'డై ఎవలు ఎక్కించిన్రో రోజూ అడుగు' అని ఆయన అన్న మాట రాసుకున్నాను. కింద తేదీ వేశాను. ఆ ఆదివారం తేదీయే వేశాను.